మునిగితే పోయేదేముంది?

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీది ఒంగోలు దగ్గర బాప్టిస్టు కుటుంబం. ఆఫీసులో పరిచయమైన అబ్బాయిని చేసుకోవాలనుకుంటున్నారు. అతను హిందువుల ఇంట పుట్టాడు గానీ గుడికి పోడు, ఏ దేవుణ్ణీ నమ్మడు. బాప్తిస్మం తీసుకుంటేనే చర్చిలో పెళ్లి అని మీ పాస్టరు గారు తేల్చేశారు. నమ్మకం లేకుండా మునగడం అబద్ధమాడినట్టేనని అబ్బాయి అంటున్నాడు. మీ అమ్మగారేమో "ఒక్కసారి మునిగితే పోయేదేముంది, తల తడుస్తుంది, ఆరిపోతుంది" అంటున్నారు. అతన్ని ఎలా ఒప్పించాలి అని మీరు అడిగారు.

ఒప్పించకండి. నా సమాధానం ఇంతే. ఎందుకో చెప్పడానికే ఇంత పొడుగు రాస్తున్నాను.

నేను గుంటూరులో వకీలుని. ఫ్యామిలీ కోర్టు కేసులే ఎక్కువ. మా నాన్న నాస్తికోద్యమ నాయకుడు గోరా గారి ఉపన్యాసాలకు సైకిలు తొక్కుకుంటూ వెళ్లిన మనిషి, మా ఇంట్లో దేవుడి గూడు అనేదే లేదు. 29 ఏళ్ల క్రితం లూథరన్ల అమ్మాయిని చేసుకున్నాను. ఆవిడ టీచరు. ఆవిడకు దేవుడున్నాడు, నాకు లేడు, ఇప్పటికీ అంతే. ఆదివారం పొద్దున ఆవిడను చర్చి దగ్గర దింపి, గేటు బయట వేపచెట్టు కింద పేపరు చదువుకుంటాను. స్పీకరు బయటికి కూడా పెడతారు కాబట్టి ప్రసంగాలు నేనూ వింటాను. లోపల కునికేవాళ్ల కంటే ఎక్కువే విన్నానేమో.

మీది ఒంగోలు అన్నారు కాబట్టి మీ ఇంటి చరిత్రతోనే మొదలుపెడతాను. 1876-78 ధాత కరువులో ఒంగోలు అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడు మైళ్లకు పైగా పని గుత్తకు తీసుకుని వేలమందికి కూలి చూపించారు. ఆ పనిలో ఉన్నవాళ్లు బాప్తిస్మం ఇమ్మని అడిగినా, కరువు సాయం నడిచినన్నాళ్లూ ఆయన ఇవ్వలేదు. కూటి కోసం కలిశారన్న మాట రాకూడదని. ఆ తర్వాత 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఆరుగురు బోధకులు వంతులవారీగా, ఇద్దరిద్దరు చొప్పున నీళ్లలో నిలబడి, ఒక్కరోజులో 2,222 మందికి ఇచ్చారు. ఆ అంకె మీరు సండే స్కూల్లో వినే ఉంటారు. అంకె అందరికీ గుర్తుంటుంది, అంతకు ముందు ఆపిన నెలలు ఎవరికీ గుర్తుండవు.

కూటి కోసం ఇవ్వని బాప్తిస్మం పెళ్లి కోసం ఇవ్వొచ్చా? ఈ మాట నేనంటే హేతువాది ఎగతాళి చేశాడంటారు. మీరు అడగొచ్చు. పైగా మీ బాప్టిస్టుల పద్ధతే అది కదా, పసిపిల్లలకు ఇవ్వరు. బుద్ధెరిగి, తన నోటితో ఒప్పుకున్నవాడికే నీళ్లు. "నమ్మకుండా మునగను" అంటున్న ఆ అబ్బాయి మీ సంఘం సిద్ధాంతాన్ని మీ అమ్మగారి కంటే బాగా పట్టుకున్నాడు.

పెళ్లి కోసం మునిగినవాళ్లను నేను నా ఆఫీసు గదిలో చూశాను. వివరాలు మార్చి ఒకటి చెబుతాను. కుర్రాడు పెళ్లికి ముందు నెల బాప్తిస్మం తీసుకున్నాడు, కొత్త పేరు పెట్టారు, ఫొటోలు దిగారు. అతని దృష్టిలో అదొక ఫార్మాలిటీ, పెళ్లయ్యాక అయిపోయింది. సంఘం దృష్టిలో అప్పుడే మొదలైంది. ఆదివారం రాలేదేం, కూడికకు రాలేదేం, బల్ల (ప్రభువు రొట్టె, ద్రాక్షరసం) తీసుకోవడం లేదేం అని అడగడం. అత్తమామలు "మాట తప్పాడు" అన్నారు, అతని తల్లిదండ్రులు "పేరు కూడా మార్చుకున్నవాడు మాకెందుకు" అన్నారు. విడాకుల కాగితాల మీద సంతకం పెట్టే ముందు ఆ అమ్మాయి నాతో అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది: "దేవుడి ముందే నటించినవాడు సార్, నా ముందు నటించడని ఏం నమ్మకం?" అతను దుర్మార్గుడు కాదు, ఆమె మీద ప్రేమతోనే మునిగాడు. ఆ ప్రేమ ఆమెకు అబద్ధంగానే మిగిలింది.

ఇక చట్టం. మునిగితే పోయేదేముంది అన్న ప్రశ్నకు ఇక్కడ గట్టి జవాబే ఉంది.

ఆ అబ్బాయిది ఏ కులమో మీరు రాయలేదు. అతనికి ఎస్సీ సర్టిఫికెట్ ఉంటే పోయేది చాలా ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకు, 1956 నుంచి సిక్కులకు, 1990 నుంచి బౌద్ధులకు, అంతే. క్రైస్తవంలో కలిసిన ఎస్సీలు మన రాష్ట్రంలో బీసీ-సి. అది న్యాయమా కాదా అన్నది వేరే చర్చ, నన్నడిగితే కాదు. కానీ ఉద్యోగం దాని మీద ఉన్నవాడికి బాప్తిస్మం రిజిస్టరులో సంతకం అంటే తల తడవడం కాదు. మీ సర్టిఫికెట్లలో ఏముందో ఇక్కడ అందరి ముందు రాయకండి, చర్చి రిజిస్టరులో పేరెక్కే ముందు మీరు కూడా ఒక వకీలుని ఒంటరిగా కలవండి.

అతను ఓసీయో బీసీయో అయితే ఇంకో సంగతి. దేవుణ్ణి నమ్మకపోయినా చట్టం లెక్కలో అతను హిందువే. నాస్తికుడికి మన చట్టంలో విడి గది లేదు. హిందువుగా పుట్టి నమ్మకం వదిలేసినవాడికి హిందూ వారసత్వ చట్టమే వర్తిస్తుంది. మతం మారితే అతని సొంత వాటా పోదు. కానీ అదే చట్టం 26వ సెక్షన్ ప్రకారం, మారిన తర్వాత పుట్టిన పిల్లలకు హిందూ బంధువుల ఆస్తిలో వారసత్వం ఉండదు, ఆ బంధువు చనిపోయి వారసత్వం తెరుచుకునే నాటికి ఆ పిల్లలు హిందువులై ఉంటే తప్ప. తాత వీలునామా రాయకుండా పోతే మనవడికి రావలసింది ఆగిపోవచ్చు. తల ఆరిపోతుంది, ఇది ఆరదు.

అటువైపు వాళ్లు కూడా ఒక సలహా ఇస్తారు చూడండి, "గుడిలో తాళి కట్టించి హిందూ వివాహ చట్టం కింద రిజిస్టరు చేయించండి" అని. ఒప్పుకోకండి. విశాఖపట్నం ఫ్యామిలీ కోర్టులో మొదలైన ఒక కేసులో అబ్బాయి క్రైస్తవుడు, అమ్మాయి హిందువు, గుడిలో పెళ్లి, రిజిస్ట్రేషనూ అయింది. 2008 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ పెళ్లి చెల్లదంది. ఆ చట్టం ఇద్దరూ హిందువులైతేనే. రిజిస్టరు కాగితం చేతిలో ఉందిగా అని ధీమాగా ఉన్న జంటలు నాకు తెలుసు, పాపం.

చర్చిలో పెళ్లికి చట్టం అడ్డు కాదు, ఇది చాలామందికి తెలియదు. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టానికి ఇద్దరిలో ఒకరు క్రైస్తవులైతే చాలు. అడ్డు మీ సంఘం నియమమే. కేథలిక్కులకైతే బాప్తిస్మం లేనివారిని చేసుకోవడానికి బిషపు గారి అనుమతి అనే దారి ఉంది. పిల్లలకు జ్ఞానస్నానం ఇప్పించి పెంచడానికి చేతనైనంత చేస్తానని కేథలిక్ వ్యక్తి మాటివ్వాలి, రెండోవారికి ఆ సంగతి తెలిస్తే చాలు, వాళ్లు ఏ మాటా ఇవ్వనక్కర్లేదు. మీ సంఘంలో అలాంటి దారి లేదంటున్నారు కాబట్టి మీకు మిగిలేది 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం. మాదీ అదే.

పద్ధతి చిన్నదే. ఇద్దరిలో ఒకరు కనీసం 30 రోజులుగా నివాసం ఉన్న జిల్లాలో నోటీసు ఇవ్వాలి. మన దగ్గర సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో. మరో 30 రోజులు ఆ నోటీసు బోర్డు మీద ఉంటుంది. ఎవరైనా అభ్యంతరం చెప్పొచ్చు గానీ, వయసు చాలలేదనో, ఇదివరకే పెళ్లయిందనో, వావి కుదరదనో, మతి స్థిమితం లేదనో చెప్పాలి. "మా అమ్మాయి క్రైస్తవురాలు" అన్నది అభ్యంతరం కాదు. నోటీసు ఇచ్చిన మూడు నెలల్లోపు ముగ్గురు సాక్షుల ముందు పెళ్లి జరగాలి, దాటితే మళ్లీ మొదటి నుంచి. ఆ నెల రోజులే కష్టం. బోర్డు మీద పేర్లు చూసి ఊళ్లోకి కబురు మోసేవాళ్లు ప్రతి ఆఫీసు దగ్గరా ఉంటారు. మా నోటీసు సంగతి మా అత్తగారికి మేము చెప్పేలోపే కూరగాయల బజారులో తెలిసింది.

ఈ చట్టంతో వచ్చే రెండు సంగతులు అబ్బాయికి చెప్పండి. ఒకటి, ఉమ్మడి కుటుంబంలో ఉన్న హిందువు ఇలా వేరే మతంవారిని పెళ్లి చేసుకుంటే ఉమ్మడి నుంచి విడిపోయినట్టే లెక్క. పొలం ఉంటే తండ్రితో ముందే కూర్చోవాలి. రెండు, ఆపైన వారసత్వం 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం. భార్యకు మూడో వంతు, మిగతాది పిల్లలకు. పిల్లలుంటే తల్లికి ఏమీ రాదు. హిందూ చట్టంలో తల్లికీ వాటా ఉంటుంది కాబట్టి చాలామంది అబ్బాయిలు ఇది ఊహించరు. వాళ్లమ్మ అతని మీద ఆధారపడి ఉంటే పెళ్లయిన వారంలో వీలునామా రాయమనండి. నేను మూడేళ్లు బద్ధకించి రాశాను. వకీలునై ఉండి.

కులం మాట ఎత్తాను కాబట్టి పూర్తి చేస్తాను. మన ఊళ్లలో "మతం వేరు" అనే మాట వెనక చాలాసార్లు ఉండేది మతం కాదు. అబ్బాయి తల్లికి క్రైస్తవురాలు అంటే చెవిలో మాల, మాదిగ అని వినపడుతుంది. కొడుకు నాస్తికుడైతే సర్దుకున్న మనిషి కోడలు ప్రార్థన చేస్తుందంటే గుండెలు బాదుకుంటుందా? అక్కడ గొడవ దేవుడిది కాదని అబ్బాయి ముందుగా గుర్తించాలి, నోరు తెరిచి ఆ పేరు పెట్టి మాట్లాడాలి. మా పెళ్లప్పుడు మా నాన్న మా అత్తగారికి ధైర్యం చెప్పబోయాడు. జాషువా గారి అమ్మాయి హేమలతను గోరా గారి అబ్బాయి లవణం 1960లో చేసుకున్నారు కదండీ, ఎంత బాగున్నారు అని. ఆవిడ "జాషువా గారు కవి అండీ, మేము కవులం కాదు" అంది. దానికి మా నాన్న దగ్గర జవాబు లేదు.

మీ పాస్టరు గారి మీద మాత్రం కోపం పెట్టుకోకండి. అవిశ్వాసులతో జోడుగా ఉండకుడి అని బైబిల్లో పౌలు రాసిన వాక్యం ఆయన చూపించారన్నారు. ఆయన కళ్లముందు ఇలాంటి పెళ్లి చేసుకుని మెల్లగా చర్చి మానేసిన అమ్మాయిలు ఉండి ఉంటారు, ఆ భయం అబద్ధం కాదు. కానీ అదే పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 7వ అధ్యాయంలో, నమ్మని భాగస్వామి కలిసి కాపురం చేయడానికి ఇష్టపడితే విడిచిపెట్టొద్దన్నాడు. అది అప్పటికే పెళ్లయినవాళ్లకు చెప్పిన మాట, దాన్ని పెళ్లికి అనుమతిగా చదవకూడదు, ఇది మా ఇంటావిడ నాకు చెప్పిన సవరణ. ఆవిడ మాత్రం 29 ఏళ్లుగా ఆ అధ్యాయం మీదే కాపురం చేస్తోంది.

ఇప్పుడు పిల్లలు. నిజమైన పరీక్ష ఇక్కడ.

పెళ్లికి ముందు మేము ఒప్పందం చేసుకున్నాం. పుట్టే బిడ్డకు ఏ మతమూ అంటించం, పెద్దయ్యాక తనే చూసుకుంటుంది అని. ఒప్పందం అనుకున్నది నేను. అసలు జరిగిందేమిటంటే, మూడు సాయంత్రాలు నేను వాదించాను, ఆవిడ మాటలు అయిపోయి "సరే" అంది. లూథరన్లు పసిపిల్లలకే బాప్తిస్మం ఇస్తారు, వాళ్లింట్లో నాలుగు తరాలుగా బాప్తిస్మం లేని బిడ్డ లేదు. పాపకు నాలుగో నెలలో జ్వరం వచ్చి మూడు రోజులు దిగలేదు. నేను కోర్టులో ఉన్న పూట మా అత్తగారు పాస్టరు గారిని పిలిపించింది, స్టీలు గిన్నెలో నీళ్లు, అయిదు నిమిషాల పని. పాప కోలుకుంది. నాకెవరూ చెప్పలేదు. రెండేళ్ల తర్వాత బావమరిది ఇంట్లో ఆల్బం తిరగేస్తుంటే ఫొటో దొరికింది.

ఆ రాత్రి నేను అరిచిన అరుపులు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గు. మోసం అన్నాను, నమ్మకద్రోహం అన్నాను. ఆవిడ అంతా విని, "మీకు చెప్పకపోవడం తప్పే. కానీ మీరు నన్ను అడగలేదండీ, గెలిచారు" అంది. కోర్టులో అవతలివాడి నోరు మూయించడం నా వృత్తి. ఇంట్లో కూడా అదే చేసి దానికి ఒప్పందం అని పేరు పెట్టాను. చాటుగా చేయడం తప్పు, ఆవిడా ఒప్పుకుంది. కానీ ఆ చాటు నేను కల్పించిందే.

మీ సంఘంలో పసిబిడ్డకు బాప్తిస్మం లేదు, అది మీ అదృష్టం. బిడ్డను సంఘం ముందు ప్రతిష్ఠించి ప్రార్థన చేయడమే ఉంటుంది. ఆ ఒక్క పూట అతను పక్కన నిలబడగలడా? నిలబడితే ఏ మాటలు పలకాల్సి వస్తుంది? సండే స్కూలుకు పంపుతారా? "నాన్న ఎందుకు ప్రార్థన చేయడు, నరకానికి వెళ్తాడా" అని అయిదేళ్ల పిల్ల అడుగుతుంది, తప్పకుండా అడుగుతుంది, మాది అడిగింది. మీరేం చెబుతారు? అతను అడిగిన దానికి మీరు "సరే" అంటే, ఆ సరే మీ మనసు అన్నదో, మీ అలసట అన్నదో ఒక వారం ఆగి మళ్లీ చూసుకోండి. అతన్నీ చూసుకోమనండి. మా అమ్మాయి ఇప్పుడు బెంగళూరులో ఉంది. క్రిస్మస్‌కు చర్చికి వెళ్తుంది, ఈస్టరుకు వెళ్లదు. ఆ లెక్కేమిటో మా ఇద్దరికీ తెలియదు.

నమ్మనివాడు చేసే తప్పు ఇంకొకటి ఉంది, అబ్బాయికి ఇది చదివించండి. మా అత్తగారు కిడ్నీలు పాడై ఐసీయూలో ఉన్నప్పుడు వరండాలో చుట్టాలందరూ మెల్లగా పాట పాడుతున్నారు. నేను మా ఇంటావిడతో "పాటలకు క్రియాటినిన్ తగ్గదు" అన్నాను, కిడ్నీల పరీక్షలో చూసే అంకె అది. నేనన్నది నిజమే. ఆవిడ నాతో పదకొండు రోజులు మాట్లాడలేదు. ఆ పాట క్రియాటినిన్ కోసం కాదని అప్పుడు నాకు తోచలేదు. ఆ తర్వాత నేను నోరు కట్టుకున్నానని కాదు, ఇప్పటికీ స్వస్థత కూటాల పేరుతో డబ్బు దండుకునేవాళ్లను ఆవిడ ముందే తిడతాను, ఆవిడ నాకంటే గట్టిగా తిడుతుంది. ఎక్కడ వాదించాలో నేర్చుకున్నానంతే.

మిగతావి రోజువారీ సంగతులు, అవే సర్దుకుంటాయి. చర్చికిచ్చే దశమ భాగం ఆవిడ జీతంలోంచి, నేను అడగను. అన్నం ముందు ఆవిడ కళ్లు మూసుకుంటే నేను చెయ్యి కంచంలో పెట్టకుండా ఆగుతాను. మంచి శుక్రవారం సిలువ మీద ఏసు పలికిన ఏడు మాటల ఆరాధన అయి మూడింటికి బయటికొచ్చేసరికి మజ్జిగ సీసాతో గేటు దగ్గరుంటాను. డిసెంబరులో రాత్రి ఒంటిగంటకు క్యారల్స్ వాళ్లొస్తే టీ పెట్టేది నేనే. కూడికల్లో "మారని భర్తల కొరకు" చేసే ప్రార్థనలో నా పేరుందని మొదట్లో మండిపడేవాణ్ణి. ఇప్పుడు ఆ జాబితాలో సీనియర్ని. మీరు కూడా ప్రార్థన చేసుకోండి, తప్పు లేదు. కానీ అతను మారతాడని లెక్క వేసుకుని పెళ్లి చేసుకోకండి. మీరు విసిగి చర్చి మానేస్తారని అతనూ లెక్క వేసుకోకూడదు, వాళ్లకు ఆ ఆశ లోపల్లోపల ఉంటుంది, నాకుండేది.

మా ఇంట్లో ఇన్నేళ్లకూ తేలనిది ఒకటుంది. నేను నా శరీరాన్ని గుంటూరు మెడికల్ కాలేజీకి రాసిచ్చాను. ఆవిడకు సమాధుల తోటలో వాళ్లమ్మ పక్కన చోటు కావాలి. "నా పక్కన ఎవరుంటారు మరి?" అని ఒకసారి అడిగింది. పిల్లలకు అనాటమీ పాఠం అయ్యాక చూద్దాంలే అన్నాను. నవ్వలేదు. మీరు ఇంత దూరం ఇప్పుడే ఆలోచించనక్కర్లేదు.

ఈ ఆదివారం అతన్ని చర్చికి తీసుకెళ్లండి. బాప్తిస్మం కోసం కాదు, ఆరాధన అయ్యాక పాస్టరు గారితో ఒక అరగంట కూర్చోబెట్టండి. చర్చిలో పెళ్లి చేయలేకపోతే, రిజిస్ట్రారు ఆఫీసు నుంచి వచ్చాక ఇంట్లో ఒక ప్రార్థన చేస్తారా అని మీరే అడగండి. మా పాస్టరు గారు మొదట కుదరదన్నారు, ఆ రోజు సాయంత్రం బైబిలు చంకన పెట్టుకుని ఆయనే వచ్చారు. నోటీసు ఇవ్వడానికి వెళ్లేటప్పుడు ఇద్దరి ఆధార్, పదో తరగతి సర్టిఫికెట్లు, ఫొటోలు పట్టుకెళ్లండి. ముగ్గురు సాక్షుల్లో ఒకరిగా మీ అమ్మగారిని రమ్మనండి, వస్తారు.